కాలువ గట్టు మీద ఉజ్జీవం

1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏటిలో నిలబడ్డారు. తెలుగు క్రైస్తవుల్లో, ముఖ్యంగా బాప్టిస్టుల్లో, ఈ అంకె తెలియనివాళ్లు తక్కువ. ఉజ్జీవ సభల్లో ప్రసంగికులు దీన్ని రెండో పెంతెకొస్తు అంటారు. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున లైమన్ జ్యుయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి చేసిన ప్రార్థనకు ఇది జవాబని చెబుతారు. ఆ మాట మీద నాకు పేచీ లేదు. ఇరవై నాలుగేళ్లు ఎదురుచూసిన ప్రార్థనను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ కొండకూ ఈ ఏటికీ మధ్య ఒక కాలువ ఉంది. కరువు రోజుల్లో తట్టలతో మట్టి మోసి తవ్విన కాలువ. ప్రసంగాల్లో అది చాలాసార్లు జారిపోతుంది. అది జారిపోవడం వల్ల ఉజ్జీవం గురించి మనకున్న ఆలోచనే వంకర తిరిగిందని నా నమ్మకం. ముందు ప్రార్థన, తర్వాత అగ్ని, ఆ తర్వాత ఎప్పుడైనా వీలు చిక్కితే పేదలకు సేవ అనే వరస మనకు అలవాటైపోయింది. ఒంగోలులో జరిగిన వరస అది కాదు.

1876లో ఈశాన్య రుతుపవనం మొహం చాటేసింది. మద్రాసు రాజధాని అంతటా రెండేళ్లపాటు సాగిన ఆ విపత్తునే మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. పని దొరికినా బతుకుతామన్న భరోసా లేదు. కరువు పనులు పర్యవేక్షించడానికి ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర అనే స్థాయికి కుదించాడు. పెద్ద కులాల మేస్త్రీల కింద పనిచేసే మాదిగలకు తిట్లూ, కోతలూ అదనం. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ చదువుకునే వయసులో భూమి కొలిచే సర్వే పని నేర్చినవాడు. ఆ విద్య అక్కరకొచ్చింది. మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తనే తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. యర్రగుంట్ల పేరయ్యలాంటి తెలుగు బోధకులు పదేళ్లుగా ఊరూరా తిరిగి సంపాదించిన నమ్మకం అప్పటికే పల్లెల్లో ఉంది. మా వాళ్ల కింద పనంటే కొట్టరు, కూలి ఎగ్గొట్టరు అన్న కబురు మాదిగవాడలన్నిటికీ పాకింది. వేలమంది వచ్చి గట్టు మీద గుడిసెలు వేసుకున్నారు. మధ్యాహ్నం పని ఆగినప్పుడు మేస్త్రీ తన మనుషుల మధ్యే కూర్చుని మాట్లాడేవాడు. భారం మోసేవాళ్లను యేసు తన దగ్గరికి రమ్మని పిలిచే మాట, మత్తయి పదకొండో అధ్యాయంలోనిది, క్లౌకు చాలా ఇష్టం. తల మీద చుట్టకుదురు ఇంకా తియ్యని మనిషికి ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఆ కరువు సాయం సాగినన్నాళ్లు, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడుగుతూనే ఉన్నారు, ఆయన కాదంటూనే ఉన్నాడు. కూడు కోసం కలిశారన్న మాట రాకూడదని, తన చేతిలోని డబ్బుకూ వాళ్ల మనసులోని విశ్వాసానికీ మధ్య ముడి పడకూడదని. 1878 జూన్‌లో జనాన్ని వెల్లంపల్లికి పిలిపించి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని, ఇళ్లకు వెళ్లిపొమ్మని చెప్పాడు. వాళ్లు కదల్లేదు. మాకు సాయం అక్కర్లేదన్నారు, బొబ్బలు కట్టిన అరచేతులు చూపించారు, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగానే చావనివ్వండి అన్నారు. ఇదంతా క్లౌ జ్ఞాపకాల్లో ఉంది. ఆ పుస్తకం ఆయన చనిపోయాక 1914లో వచ్చింది. రాసిపెట్టింది ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. సమాజ న్యాయం లేని సువార్త సగం సువార్తేనని అమెరికాలో వాదించిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె స్వయానా అక్క. ఆ వాదన పుస్తకాలకెక్కడానికి చాలా ముందే ఒంగోలు తాలూకా కూలీలు దాన్ని బతికి చూపించారు.

ఇది ఒక్క ఊరి విశేషమైతే దీని మీద ఇంత వాదన కట్టనవసరం లేదు. మహారాష్ట్రలో కేడ్‌గావ్ చూడండి. పండిత రమాబాయి తల్లిదండ్రులు కరువులో పోయారు, అక్క కూడా పోయింది. ఆకలి ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1896లో మధ్యపరగణాల్లో కరువొస్తే స్వయంగా వెళ్లి దిక్కులేని ఆడపిల్లలను తీసుకొచ్చింది. 1900 కరువుకు గుజరాత్ నుంచి ఇంకెందరో వచ్చారు. వాళ్లకు చదువు చెప్పించింది, నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్పించింది. భారతదేశంలో ఉజ్జీవ చరిత్ర రాసేవాళ్లందరూ చెప్పే ఉజ్జీవం కేడ్‌గావ్‌లోని ఆమె ఆశ్రమం ముక్తి మిషన్‌లో 1905లో వచ్చింది, అంటే ఆ పిల్లలకు అన్నం పెట్టడం మొదలై ఎనిమిదేళ్లు దాటాక. రాత్రంతా ఏడ్చి ప్రార్థించిన ఆ పిల్లలు చాలామంది ఒకప్పుడు రోడ్డు పక్కన చావుకు సిద్ధంగా పడి ఉన్నవాళ్లే. సేవ చేసిన ప్రతిచోటా ఉజ్జీవం వస్తుందని నేననడం లేదు. అలాంటి లెక్క దేవుడి మీద పెట్టకూడదు, చరిత్ర కూడా ఒప్పుకోదు. నేనంటున్నది ఇంతే: ఉజ్జీవం వచ్చాక చేద్దాంలే అని సేవను వాయిదా వేసేవాళ్లకు మన దేశపు ఉజ్జీవాల్లో ఆధారం దొరకదు.

లేఖనంలోనూ దొరకదు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పెంతెకొస్తు రోజున ఇంచుమించు మూడువేల మంది చేరారు. అదే అధ్యాయం చివరికి వాళ్లు ఆస్తులమ్మి, ఎవరికెంత అవసరమో చూసి పంచుతున్నారు. లూకా ఈ రెంటి మధ్యా ఖాళీ వదల్లేదు. నాలుగో అధ్యాయానికి వస్తే ఆ సంఘంలో లేమి అన్నది లేదంటాడు. ఆరో అధ్యాయంలో చిక్కు వచ్చింది. రోజూ భోజనం పంచేటప్పుడు గ్రీకు మాట్లాడే విధవరాళ్లను పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. వాక్యం మానుకుని బల్లల దగ్గర సేవ చేయడం మాకు తగదని అపొస్తలులు అన్న మాట ఇక్కడిదే. ప్రార్థనే మా పని, సేవ వేరేవాళ్ల పని అనేవాళ్లు పట్టుకునే మాటా ఇదే. ఆ మాట తర్వాత ఏం జరిగిందో కూడా చదవాలి. బల్లల దగ్గర నిలబడే ఏడుగురికి వాళ్లు పెట్టిన అర్హత ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండి ఉండడం. గరిటె పట్టడానికి ఈపాటి మనిషి చాల్లే అనుకోలేదు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే; సణిగిన పక్షం వాళ్లకే పంపకం అప్పజెప్పారన్నమాట. ఆ తర్వాతే యెరూషలేములో శిష్యుల సంఖ్య మరింత పెరిగిందని లూకా రాశాడు. ఆ ఏడుగురిలో ఒకడైన స్తెఫను సంఘంలో మొదటి హతసాక్షి అయ్యాడు. అన్నం వడ్డించే పని విశ్వాసంలో రెండో తరగతి పనైతే, లూకా ఈ కథను ఇలా నడిపించి ఉండడు.

విశ్వాసం వల్లే రక్షణ, క్రియల వల్ల కాదు, మీరు మళ్లీ క్రియల ధర్మశాస్త్రం తెస్తున్నారు అని మంచి మనసుతోనే అడిగేవాళ్లున్నారు. పౌలు రోమా, గలతీ పత్రికల్లో చెప్పింది తెలుగు విశ్వాసికి గుండెలో రాసుకున్న మాట. మన సంఘాల్లో ఎక్కువమంది పూర్వీకులకు పుణ్యం కొనుక్కునే స్తోమతా లేదు, గుడిలోకి వెళ్లే అనుమతీ లేదు. కృప ఉచితం అన్న కబురు వాళ్లకు నిజంగానే సువార్త. దాన్ని నేను తగ్గించను. కానీ అదే పౌలు యెరూషలేములోని పేదల కోసం సంఘాలన్నిటా చందా పోగుచేయడానికి ఏళ్ల తరబడి శ్రమపడ్డాడు. రెండో కొరింథీ పత్రికలో రెండు నిండు అధ్యాయాలు దాని గురించే. ఒంటి మీద బట్టలేని సహోదరికి క్షేమంగా వెళ్లిరమ్మని చెప్పి పంపేవాడి విశ్వాసం గురించి యాకోబు అడిగిన ప్రశ్నకు పౌలు జీవితంలో జవాబుంది. రక్షణ దేనివల్ల వస్తుందన్నది ఒక ప్రశ్న, వచ్చిన రక్షణ ఎలా కనబడుతుందన్నది వేరే ప్రశ్న. ఉజ్జీవ కాలంలో ఈ రెండో ప్రశ్న అడగకపోతే ఎంత ప్రమాదమో చూపే ఉదాహరణ, చెప్పడానికి బాధగా ఉన్నా, చెప్పక తప్పదు.

పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో మహా ఉజ్జీవాన్ని నడిపినవాళ్లలో జోనాథన్ ఎడ్వర్డ్స్, జార్జ్ విట్‌ఫీల్డ్ ముందువరసలో ఉంటారు. ఎడ్వర్డ్స్ 1746లో మతావేశాల మీద రాసిన పుస్తకంలో నిజమైన ఆత్మీయతకు పన్నెండు గుర్తులు చెప్పి, అన్నిటికంటే పెద్ద గుర్తు నడవడే అన్నాడు. కన్నీళ్లు, కేకలు, వణుకు వీటిలో ఏదీ దానంతటది రుజువు కాదన్నాడు. ఉజ్జీవం గురించి ఇంత నిక్కచ్చిగా ఆలోచించినవాళ్లు అరుదు. ఆయనే 1731లో వీనస్ అనే నల్లజాతి అమ్మాయిని డబ్బిచ్చి కొన్నాడు. విట్‌ఫీల్డ్ జార్జియాలో బెతెస్ద పేరుతో అనాథాశ్రమం పెట్టాడు. దాని ఖర్చులకు వ్యవసాయం గిట్టుబాటు కావాలని, ఆ కాలనీలో అప్పటిదాకా నిషేధంలో ఉన్న బానిసత్వాన్ని అనుమతించమని వాదించాడు. 1751లో ఆ నిషేధం పోయింది. ఒక చేత్తో అనాథకు అన్నం పెట్టి, ఆ అన్నం పండించడానికి ఇంకొకరి బిడ్డను సంకెళ్లలో పెట్టడం. ఆత్మ పనిచేసిన కాలంలోనే, ఆత్మ గురించి అంత బాగా తెలిసినవాళ్ల మధ్యే ఇది జరిగింది. కాబట్టి సేవ చేస్తే చాలు అని కూడా అనలేం. ఆ సేవ బరువు ఎవరి వీపు మీద పడుతోందో చూడాలి. ఉజ్జీవపు వేడి దానంతటదే కళ్లు తెరిపించదు. ఎక్కడ చూడాలో ఎవరో ఒకరు చూపించాలి. ఒంగోలు కాలువ గట్టు మీద కూలి ఎగ్గొట్టని మేస్త్రీని పెట్టడం నాకందుకే అంత పెద్ద సంగతిగా కనబడుతుంది.

తరచూ వినబడే ఆక్షేపణ బయటినుంచి వస్తుంది: ఇదంతా గంజి కోసం మారిన మతం. ఇది ఈనాటి రాజకీయాల్లో పుట్టిన మాట కాదు. వెల్లంపల్లి బాప్తిస్మాలు తొందరపాటని తోటి మిషనరీల్లోనే కొందరు అప్పుడు అన్నారు. దీనికి కోపంతో జవాబు చెబితే లాభం లేదు, చూసి చెప్పాలి. సాయం ఉన్నప్పుడు బాప్తిస్మం లేదు, సాయం అయిపోయాకే బాప్తిస్మం జరిగింది. గంజి కోసమే అయితే జనం అప్పటికి వెళ్లిపోయి ఉండాలి. పైగా ఆ చేరిక వాళ్లకు సుఖం తెచ్చిపెట్టలేదు. అక్కడి సంఘం కొత్తవాళ్ల ముందు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మడి నియమాల్లా ఉంటాయి. ఊళ్లో వీటి అర్థం వేరు. చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాని మాంసం తీసుకోవడం, జాతరకు డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా వెట్టికి పోవడం కలిసి ఒకే కట్టుబాటు. అందులో ఒక పోగు తెంచినా పెద్దలు ఊరుకోలేదు. నీళ్లు కట్టేశారు, పని మాన్పించారు, దొంగ కేసులు పెట్టారు. ఆత్మగౌరవం కోసం వచ్చారు గానీ దేవుడి కోసం కాదు కదా అని ఇంకా కొందరంటారు. మనిషిగా నిలబడాలన్న కోరిక దేవుడు పెట్టింది కాదని వాళ్లకు ఎవరు చెప్పారు? మెథడిస్టు మిషనరీ జె. వాస్కమ్ పికెట్ సామూహిక చేరికల మీద దేశమంతటా, తెలుగు ప్రాంతాలతో సహా, సర్వే చేసి 1933లో పుస్తకం తెచ్చాడు. చేరినప్పుడున్న ఉద్దేశం కంటే చేరిన తర్వాత దొరికిన బోధ, సంరక్షణ వాళ్ల విశ్వాస జీవితాన్ని ఎక్కువగా తీర్చిదిద్దాయన్నది అందులో తేలిన విషయాల్లో ఒకటి. వంక పెట్టాల్సింది వచ్చినవాళ్లకు కాదు, వచ్చాక వాళ్లను వదిలేసిన సంఘాలకు.

అలా వదిలేసినవి మన మధ్య ఉన్నాయి గనక ఈ మాట మనకే ముందు తగులుతుంది. ఉజ్జీవ సభల సీజను వచ్చిందంటే ఊరి మొగలో ఫ్లెక్సీలు, మూడు రాత్రులకు షామియానా, సౌండు, లైటింగు, బయటి ప్రసంగికుడికి కారు, కానుక. ఆ ఖర్చును నేను తప్పు పట్టను. పొద్దంతా కూలి చేసొచ్చిన మనిషికి పాట, వెలుగు, నలుగురి మధ్య కూర్చుని ఏడవగల చోటు అవసరమే. కానీ ఆ మూడు రాత్రుల లెక్క రాసిన పుస్తకంలోనే ఇంకో పేజీ ఉండాలి. అదే వరసల్లో కూర్చున్నవాళ్లలో ఎవరి పిల్ల కాలేజీ ఫీజు కట్టలేక ఆగిపోయింది, ఎవరింట్లో డయాలసిస్ జరుగుతోంది, ఏ కౌలు రైతు వడ్డీ వ్యాపారికి భయపడి సభకు కూడా రాలేదు. మన సంఘ సభ్యుల్లో మురుగుకాలువలు శుభ్రం చేసే మున్సిపల్ కార్మికులు చాలామంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపకూడదని 2013 నుంచి చట్టం ఉంది. ఆ చట్టం తన ఊళ్లో అమలవుతోందా అని సంఘ కమిటీ కమిషనర్‌కు ఒక అర్జీ రాస్తే, అది ఉపవాస ప్రార్థనకు తక్కువ పనేమీ కాదు. యెషయా 58వ అధ్యాయం ఉపవాసమంటే కాడి కట్లు విప్పడమనే చెప్పింది. ఇక మన లోపలి సంగతి. ఒకే యేసు పేరు మీద చేతులెత్తే మాల సంఘానికీ మాదిగ సంఘానికీ మధ్య పెళ్లి సంబంధం మాట వస్తే నేటికీ ముఖాలు మాడిపోతాయి. మిషన్లు పంచుకున్న జిల్లాల గీతలు కొంత కారణం, కులం మిగతా కారణం. ఆ గీత ఒక్క పెళ్లితో చెరిగినా, ఆ ఊళ్లో ఉజ్జీవం వచ్చిందని నేను నమ్ముతాను.

ఇవన్నీ పెట్టుకుంటే ప్రార్థన చల్లారుతుంది, సంఘం స్వచ్ఛంద సంస్థగా మారిపోతుంది అన్న భయం కూడా ఉంది. అది ఉత్త భయం కాదు; ప్రార్థన వదిలేసి భవనాలు, ఆస్తుల తగాదాలు మాత్రం మిగుల్చుకున్న పాత మిషన్ సంస్థలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఐతే పని ఎక్కువై ప్రార్థన చచ్చిందా, ప్రార్థించేవాళ్లకూ పని నడిపేవాళ్లకూ సంబంధం తెగి చచ్చిందా అని చూడాలి. మిజోరంలో జరిగింది ఇక్కడ పనికొస్తుంది. 1904లో వేల్స్‌లో మొదలైన ఉజ్జీవం మిషనరీల ద్వారా 1905లో ఖాసీ కొండలకు, 1906లో మిజో కొండలకు పాకింది. 1910లో అక్కడి ఆడవాళ్లు ఒక పద్ధతి మొదలుపెట్టారు. పూట పూటకూ అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పనికి పక్కన పెట్టడం. మన తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం కానుక తెలిసినదే. రోజుకు రెండుసార్లు, పొయ్యి దగ్గర, ఎవరూ చూడనప్పుడు చేసే ఆ పని ప్రార్థనే. వంట కూడా ఆగలేదు, ప్రార్థనా ఆగలేదు. ఆ పిడికిళ్లు నూరేళ్లకు పైగా మిజో సంఘాల ఆదాయంలో పెద్ద వాటాగా నిలిచాయి.

ఆ బియ్యం తీసేది ఆడవాళ్లు, ఆ బియ్యం అమ్మిన డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చేది ఎక్కువచోట్ల మగ పెద్దలు. ఉజ్జీవ సభల్లోనూ వరసల నిండా కూర్చునేది ఆడవాళ్లే, వేదిక మీద కుర్చీలు మగవాళ్లవి. యెరూషలేము సంఘం పంపకాన్ని సణిగిన పక్షానికే అప్పగించింది గనక, ఈ సంవత్సరం సభలు ముగిసిన మర్నాడు సంఘ కమిటీలు చేయగల మొదటి పని ఒకటుంది. కానుకల డబ్బులో పేదల భాగం ఎంతో ముందే తేల్చి, దాన్ని పంచే పెత్తనం పిడికెడు తీసిన ఆడవాళ్లకు, అందులోనూ విధవరాళ్లకు ఇవ్వడం. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్కలు రాయడం రాదంటారా, కాలేజీలో చదివే పిల్ల ప్రతి సంఘంలోనూ ఉంది.